దుమ్ము పొర

పగలంతా నాది చిన్న చిన్న అబద్ధాల పని.
పాస్‌పోర్టు సైజు మెడలన్నిటికీ ఒకే కోటు,
ఫ్లెక్సీలో ప్రెసిడెంటు గారి మీసానికి కాస్త నలుపు,
అలిగి పెళ్లికి రాని మేనమామని
వెనక వరసలో, వంటమేస్త్రి పక్కన నిలబెట్టడం.
మాలకొండయ్య గారు భుజం మీంచి తొంగి చూసి
"ఇంకొంచెం తెల్లగా లాగు మస్తాన్‌బీ" అంటారు.
లాగుతాను.
చీమకుర్తిలో తెలుపు చవక.

ఎనిమిదిన్నరకి షట్టరు సగం దించాక
కంప్యూటరు నాదవుతుంది.
ఇక్కడి నల్లరాయిలో బంగారు చుక్కలుంటాయి కదా,
పలకలుగా కోసి ఎవరెవరి గడపలకో పంపుతారు.
నేను పంపను.
తలకిందులు చేసి ఆకాశం అంటాను.
దాని కింద నేలపట్టు గూడబాతులు,
సంచి ముక్కుల్లో చేపలకు బదులు వీధిదీపాలు.
ఒంగోలు రోడ్డున ఒక లారీ,
టైర్ల చోట చందమామలు,
ఒకటి పంక్చరై సగమే ఉంది.
మా అమ్మ కుట్టుమిషను పాదం కిందనించి
అంచు కుట్టించుకుంటూ గుండ్లకమ్మ పోతుంది.
ఇవి ఎవరికీ చూపించను.
ఆ ఫోల్డరు పేరు 'కరెంటు బిల్లులు'.

మొన్న బుధవారం వెంగమ్మ వచ్చింది.
కొంగున ముడేసిన ఫొటో, అరచేతి కన్నా చిన్నది.
క్వారీ ఓనర్లు దండలేసుకున్న గుంపులో
ఎడమ అంచున, ఎవరి భుజానికో వెనక
ముప్పావు ముఖం. శింగరయ్య.
రాయి కోసే వైరు రంపం దగ్గర పద్నాలుగేళ్లు.
"సముద్రం చూడాలనుండేదమ్మా ఆయనకి.
కొత్తపట్నం ఎంత దూరం, బస్సెక్కితే అయిపాయె.
ఇయ్యాల రేపని..."
ఆ మాట అక్కడే వదిలేసింది.
"నువ్వు యాడివైనా అతికిస్తావంట గదా."

మూడు రాత్రులు పట్టింది.
కొత్తపట్నం అలల్ని తెచ్చి క్వారీ గుంటలో పోశాను.
అంచులు మెత్తబరిచి
రాతిమెట్ల మీద నురగ ఆరబెట్టాను.
క్రేను కొక్కేనికి పడవ తగిలించాను.
కనపడని చెవి కోసం కనపడే చెవిని తిప్పి అతికించాను.
భుజం మా నాయనది,
ఆయనిప్పుడు అడగడు.
మోకాలిలోతు నీళ్లలో నిలబెట్టి చూస్తే
జుట్టులో, కనుబొమల్లో తెల్లటి మచ్చలు.
ఒక్కొక్కటే తుడిచాను,
అలవాటు కొద్దీ.

వెంగమ్మ చాలాసేపు చూసింది.
రాళ్ల మధ్య సముద్రాన్ని ఏమీ అనలేదు.
గాల్లో పడవని ఏమీ అనలేదు.
నీళ్లడుగున చుక్కలు పొడిస్తే
అది మామూలే అన్నట్టు తలూపింది.
తర్వాత చూపుడువేలితో
అతని తల దగ్గర తెరని రుద్దింది.

"ఇదెవురమ్మా?
ఆయన ఇంత శుభ్రంగా ఎప్పుడుండాడు?
రెండు బిందెలు పోసుకున్నా పొయ్యేది గాదు ఆ దుమ్ము.
దిండు గలీబు నిండా అదే.
పెట్టు. మళ్లా పెట్టు."

వెనక్కి నొక్కితే వచ్చేది కాదు,
రాత్రే సేవ్ చేసి మూసేశాను.
కొత్త పొర తెరిచాను.
సన్నటి కుంచె, బూడిద కలిసిన తెలుపు,
నూటికి పన్నెండు వంతులు, అంతకు మించి వద్దు.
రెప్పల మీద.
"ఇంకొంచెం" అంది,
అచ్చం మాలకొండయ్య గారిలాగే.
చెవి వెనక. మీసం కొసన.
మా నాయన భుజం మీద కూడా కాస్త రాలింది,
ఉండనిచ్చాను.

"ఆఁ, అదీ.
ఇప్పుడు దగ్గుతాడు చూడు."

ఇద్దరం కాసేపు తెరకేసి చెవులు పెట్టాం.
బయట లోడు లారీ ఒకటి పోయింది,
షట్టరు అదిరింది.